తుంటికీలు, కంప్యూటరు, మన ధర్మనిధి
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



తుంటికీలు మార్పించుకొను మన పేదలకు ధర్మనిధినుండి సాహాయ్యము చేయవలెనను తీర్మానము నేడు సభముందున్నది. కంప్యూటరు తోడ్పాటుతో జరుగు శస్త్రచికిత్సకు మాత్రమే ధనమీయవలెనని కొందరు దాతల యభిప్రాయము. వారి యౌదార్యమునకు నమస్కరించి, ఆ యంత్రము చేయగలదేదో, చేయలేనిదేదో విన్నవింతును.

తుంటికీలనగా గిన్నెలో తిరుగు గుండు. గిన్నె కటియెముకలో నున్నది. గుండు తొడయెముక తల. కీలు అరిగినప్పుడు రెంటికిని మారుగా కృత్రిమములైనవానిని నిలుపుదురు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రియందు జాన్ చార్న్‌లీ 1962లో లోహపు గుండునకు పాలిథీన్ గిన్నెను జతపరచి యీ చికిత్సకు స్థిరమైన మార్గ మేర్పరచెను.

గిన్నె వాలు తప్పినచో గుండు జారిపోవచ్చును. గిన్నె త్వరగా నరుగవచ్చును. గిన్నె వాలు 30 మొదలు 50 డిగ్రీలు, ముందువంపు 5 మొదలు 25 డిగ్రీలు ఉండుట క్షేమమని 1978లో లూయినెక్ ప్రభృతులు చెప్పిరి. అయితే బల్లపై ప్రక్కకు పరుండిన రోగియొక్క కటి శస్త్రక్రియాసమయమున కదలును. ఒరిగిన గోడను జూచి ద్వారబంధము నిలిపిన వడ్రంగివలె వైద్యుని కన్నును మోసపోవచ్చును.

ఇచ్చట యంత్రము తోడ్పడును. 1990 దశకమున అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమందు ఆంథొనీ డిజోయా ప్రభృతులు హిప్‌నావ్ అను సాధనమును నిర్మించిరి. ఇప్పుడు వాడుకలోనున్న యొక పద్ధతియందు కటియెముకకు గురుతుల చట్రమును బిగింతురు. పరారుణకిరణములతో చూచు కెమెరా దానిని కనిపెట్టుచుండును. వైద్యుడు సూచికతో కటి ముందరి యెముకకొనలను ముట్టగా, కంప్యూటరు లెక్కకట్టి గిన్నె యెన్ని డిగ్రీల వాలున నున్నదో తెరపై చూపును. మన వృత్తిభాషలో నిది మూలమట్టము, ఉలి కాదు. ఉలి వైద్యుని చేతనే యున్నది.

మూలమట్టము కోణమును చూపును. ఎవనికే కోణము తగునో చెప్పదు. 2016లో ప్రకటితమైన అబ్డెల్ ప్రభృతుల పరిశీలనయందు, కీలు తప్పిన 206 తుంటులలో 120 తుంటుల గిన్నెలు ఆ క్షేమపరిధిలోనే యుండెను. వెన్ను బిగిసినవారికి కూర్చున్నప్పుడు కటి తగినంత వెనుకకు వాలదు. కండరముల బలమును వేరువేరుగా నుండును. యంత్రముతో గిన్నె కోణము తప్పుట తగ్గునని పెక్కు పరిశీలనలు చూపినవి. అందువలన కీలు మరింతకాలము మన్నునని మాత్ర మింకను నిశ్చయముగా నిరూపింపబడలేదు.

కావున యంత్రమున్నదా లేదా యనునది దానమునకు షరతు కారాదు. సాహాయ్యము పొందువారు వైద్యుని మూడు ప్రశ్న లడుగవలెను: ఇట్టి చికిత్సలు మీరెన్ని చేసితిరి? నా వెన్నును పరీక్షించితిరా? యంత్రమునకు ప్రత్యేక రుసుమెంత? అట్లు మిగిలిన ధనమును చికిత్సానంతరపు నడక సాధనకును, తోడువచ్చినవారి బసకును వినియోగింపవలెను.

మరియొక మాట. మన స్వర్ణకారుడు, మన కమ్మరి నేలపై గూర్చుండి పనిచేయువారు. క్రొత్తకీలు గలవానికి మిక్కిలి వంగి కూర్చుండుట ప్రమాదము. వానికి ఎత్తైన పనిబల్లయు, పీటయు నిధినుండి చేయించి యిచ్చినచో, కాలితోబాటు కూడును నిలుచును. ఆ బల్ల చేయగల చేతులు ఈ సభలోనే కలవు.

ఈ సవరణను దాతలు దయతో నంగీకరింతురుగాక యని వేడుచు విరమించుచున్నాను.