ఇసుక కదిలితేనే బతికే కీచురాయి

వానాకాలం రాత్రి దీపం ఆర్పగానే గోడమూల నుంచి కీచుమనే కీచురాయి మనందరికీ తెలుసు. ఈరోజు చెప్పబోయే పురుగు దానికి దూరపు చుట్టం. కాని ఇది కీచుమనదు. రాపాడించడానికి దీనికి రెక్కలే లేవు. అమెరికాలో, కాలిఫోర్నియా దక్షిణాన ఉన్న కోచెల్లా లోయ దీని ఊరు. లోకం మొత్తం మీద ఆ ఒక్క లోయ ఇసుకలోనే ఇది ఉంటుంది. దీని శాస్త్రీయ నామం మాక్రోబెనెటిస్ వాల్గమ్.

ఆ లోయలో వేసవి పగలు ఇసుక పైపొర వేడి 60 డిగ్రీలు దాటుతుంది. కాస్త లోతుకు పోతే చల్లదనం, చలికాలపు చినుకులు మిగిల్చిన తేమ ఉంటాయి. పురుగు పగలంతా అక్కడే దాక్కుంటుంది. చీకటి పడ్డాక పైకొచ్చి, గాలి మోసుకొచ్చిన ఎండుటాకుల తునకలూ చెత్తాచెదారమూ తింటుంది.

దాని వెనక కాళ్లు చూడండి. పిక్కల మీద పొడవాటి ముళ్లు వరసగా ఉంటాయి. పొడి ఇసుక వేళ్ల సందుల్లోంచి జారిపోయే రకం. ఈ ముళ్ల మధ్య మాత్రం తట్టలో మట్టిలా నిలుస్తుంది. అలా పట్టిన ఇసుకను ఒక్క తన్నుతో వెనక్కి విసురుతుంది. అందుకే తెల్లవారేసరికి బొరియ నోటి ముందు ముక్కోణం ఆకారంలో ఇసుక పరుచుకుని ఉంటుంది. పరిశోధకులు పురుగును వెతకరు, గాలి లేచేలోపు ఈ గుర్తులను లెక్కపెడతారు.

ఇంత నేర్పున్న ప్రాణి అరుదైపోవడానికి కారణం ఇసుకే. దిబ్బ చుట్టూ కంచె వేసేస్తే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. కొండల్లో వాన కురిసి వరదొస్తే కొత్త ఇసుక లోయలోకి దిగుతుంది. శాన్ గోర్గోనియో కనుమ నుంచి వీచే పెనుగాలి దాన్ని జల్లించి, సన్నటిది దిబ్బలకు చేరుస్తుంది. ఆ దారిలో ఇళ్లు, రోడ్లు, గోల్ఫ్ మైదానాలు లేస్తే కొత్త ఇసుక రాదు. పాతది క్రమంగా కొట్టుకుపోతుంది, లేదా గట్టిపడుతుంది. గట్టిపడిన నేలలో ఈ పురుగు బతకలేదు. దిబ్బను కాపాడాలంటే మైళ్ల దూరంలోని వాగునూ, గాలి దారినీ కూడా కాపాడాలి. నా మటుకు ఈ కథలో అసలు విషయం ఇదే.

ఇంకో బెడద సహారా ఆవ. మన పోపుల డబ్బాలోని ఆవాల కుటుంబానిదే. 1920ల నాటికే ఆ లోయకు చేరింది. వానలు బాగా పడిన ఏడాది దిబ్బల మీద దట్టంగా అల్లుకుని ఇసుకను కదలనివ్వదు. దాన్ని పీకడానికి స్వచ్ఛంద సేవకులు వెళుతుంటారు.

2008లో ఆ లోయలో 75 ఏళ్లకు ఒక పరిరక్షణ ప్రణాళిక అమల్లోకి వచ్చింది. అది కాపాడే 27 జాతుల్లో ఈ పురుగూ ఉంది. దిబ్బలతోపాటు వాటికి ఇసుక తెచ్చే వాగులనూ, గాలి దారులనూ ఆ ప్రణాళికలో చేర్చారు.