యుక్తవయస్సు: బిడ్డలకు మనం చెప్పవలసిన మాటలు

 



దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా ఇంటి మర్యాదలు బోధిస్తూ పిల్లల ప్రస్తావన తెస్తుంది. చిన్నపిల్లలు దినంలో మూడు వేళలందు అనుమతి కోరి పెద్దల గదిలోనికి రావాలి. యుక్తవయస్సుకు చేరినవారు ప్రతి వేళా కోరాలి. ఈ ఆజ్ఞ అమలు కావాలంటే తాను ఆ వయస్సుకు చేరిన సంగతి బిడ్డకు తెలియాలి గదా! నమాజు, రోజా ఆనాటి నుండే విధి అవుతాయి. విధి మోయవలసిన వారికి ఆ సంగతే చెప్పకుండా ఉంచడం ఏపాటి సిగ్గు?

సిగ్గు విశ్వాసంలో భాగమే. అయినా ఉమ్మె సులైమ్ (రజి) స్వప్నస్ఖలనమైతే స్త్రీ కూడా గుసుల్ చేయాలా అని ప్రవక్త (స)నే అడిగారు. ఆయన మందలించలేదు, జవాబిచ్చారు. హజ్రత్ అలీ (రజి) అల్లుడు కావడం వల్ల ఒక దేహ సంబంధమైన సంగతి అడగలేక, మిఖ్దాద్ (రజి) చేత అడిగించారు. తండ్రికి నోరు రాకపోతే మేనమామ చెప్పవచ్చు. తల్లి లేని బిడ్డకు ఖాలా చెప్పవచ్చు.

అబూదావూద్ గ్రంథంలో ఒక ఉదంతం ఉన్నది. ఖైబర్ ప్రయాణంలో గిఫార్ తెగకు చెందిన ఒక పడుచు ప్రవక్త (స) ఒంటెపై వెనుక కూర్చున్నది. దిగేసరికి జీనుసంచిపై రక్తం. అది ఆమె తొలి ఋతుస్రావం. సిగ్గుతో ఒంటె చాటుకు ముడుచుకున్నది. ఆయన గ్రహించి, సర్దుకొమ్మనీ, ఉప్పు వేసిన నీటితో మరక కడిగి మరల ఎక్కి కూర్చొమ్మనీ చెప్పారు. దీని పరంపర బలహీనమని హదీసు పండితులు అన్నారు. కాని ఇందులోని నడవడికి సహీహ్ ముస్లింలో ఆయిషా (రజి) ఉల్లేఖనం సాక్ష్యం: ఋతుసమయంలో ఆమె త్రాగిన పాత్రలో, ఆమె పెదవి తాకిన చోటనే పెదవి ఆనించి ప్రవక్త (స) త్రాగేవారు. మరి మన ఇండ్లలో ఆ దినాలలో బిడ్డకు వేరు పళ్ళెం, వేరు చాప ఎక్కడి నుండి వచ్చాయి?

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో మరొక వింత చూస్తున్నాము. అమ్మాయి పెద్దమనిషి కాగానే పందిరి, విందు, వీధిలో ఫ్లెక్సీ. ఊరందరికీ చెబుతారు, గుడ్డ ఎప్పుడు మార్చాలో, గుసుల్ ఎట్లా చేయాలో, వదిలిన రోజాలు తర్వాత ఉండాలనీ నమాజులు తిరిగి చేయనక్కర లేదనీ ఆమెకు చెప్పేవారుండరు. వెంటనే పెళ్ళి మాట మొదలవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏండ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే వివాహమైంది. అనాథల ఆస్తి అప్పగించడానికే ఖుర్ఆన్ వయస్సుతోపాటు వివేకాన్నీ చూడమన్నది; సంసార భారానికి వివేకం అక్కరలేదా?

మగపిల్లల సంగతి ఎవరూ ఎత్తరు. తడిసిన బట్టలు చూచి రోగమని భయపడి, గోడల మీది గుప్తరోగాల ప్రకటనలు నమ్మేవారున్నారు. గుసుల్ తెలియక ఫజ్ర్ మానేవారున్నారు. ఇది ఆరోగ్యమేననీ, నిద్రలో జరిగితే రోజా భంగం కాదనీ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

బుద్ధిమాంద్యం గల బిడ్డపై విధులు లేకపోవచ్చు. కాని శుభ్రత, తన దేహాన్ని ఎవరు తాకకూడదో తెలియడం ఆ బిడ్డకు మరింత అవసరం. బొమ్మతో, చేతితో చూపి పదేపదే చెప్పండి. ఆడో మగో తేలని దేహంతో పుట్టిన వారి కోసం మన ఫిఖ్హ్ గ్రంథం హిదాయాలో ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. అటువంటి బిడ్డను దాచకండి, ఎగతాళి చేయనివ్వకండి, వైద్యునికి చూపండి.

బడిలో ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ పాఠం వస్తుంది. అప్పటికే ఎందరో బాలికలకు ఋతువు మొదలై ఉంటుంది. ఇంట్లో ముందే చెప్పండి. ఉపాధ్యాయుడు ఆ పాఠం బోధించాడని ఫిర్యాదుకు వెళ్ళకండి. వెళ్ళవలసి వస్తే మరుగుదొడ్డిలో నీళ్ళు లేవని వెళ్ళండి.

ఈ ఆదివారం అసర్ తర్వాత బాలురకు, తండ్రులతో కలిపి, తహారత్ పాఠం మేము చెబుతాము. బాలికలకు, తల్లులకు ఆలిమా గారు వేరుగా చెబుతారు. నాపరాయి పాలిషింగ్ పనికి వెళ్ళేవారు ఇషా తర్వాత రావచ్చు. ఉర్దూ రానివారికి తెలుగులోనే చెబుతాము.