రేకు వెనుక వైపు

 



దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు ‘అల్ హదీద్’ అని పేరు. హదీద్ అంటే ఇనుము. ఇనుములో గొప్ప బలమూ, మానవులకు అనేక ప్రయోజనాలూ ఉన్నాయని ఆ సూరాలోని 25వ ఆయతు తెలుపుతోంది. సబా సూరా 10, 11 ఆయతులలో హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ప్రస్తావన ఉంది. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచాడు. కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించాడు. ఆ వెంటనే సత్కార్యాలు చేయమన్నాడు, తాను అంతా చూస్తున్నానని తెలియజేశాడు. పనిలో కొలతను, జీవితంలో మంచితనాన్ని అల్లాహ్ ఒకే చోట ప్రస్తావించడాన్ని మనం గమనించాలి. కవచం ధరించినవాని ప్రాణం ఒక్కొక్క కడియంపై ఆధారపడి ఉంటుంది మరి.

లోహానికి చేతితో రూపమిచ్చే విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి గ్రామం ఇత్తడి, కంచు పాత్రలకు పేరు పొందింది, ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. నేడు మన సోదరులలో, మన బిడ్డలలో కొందరు టింకరింగ్ షెడ్లలో కార్ల రేకుపనితో జీవనం సాగిస్తున్నారు. ఆ పనిని దగ్గరగా చూడాలని ఇటీవల మేము విజయనగరం శివారులోని ఒక షెడ్డులో కొంతసేపు కూర్చున్నాము.

అక్కడ ఒక ఉస్తాద్ పాత కారుకు ముందు మడ్‌గార్డు తయారు చేయిస్తున్నారు. ఆ భాగం బజారులో దొరకడం లేదు, అందువల్ల చదునైన రేకు నుండే చేయాలి. ముందుగా అట్టతో అచ్చు కత్తిరించి, దాని ప్రకారం రేకును కోశారు. ఇసుక సంచిపై రేకును ఉంచి చెక్క సుత్తితో కొడితే మధ్యభాగం సాగి గుంట పడుతుంది. సాగినచోట రేకు పలుచబడుతుంది. అంచులను మాత్రం సాగనీయకుండా కుదించాలి. ఆపై లోపలి వైపు ఇనుప డాలీని ఆనించి, పైనుండి తేలికపాటి దెబ్బలతో నునుపు చేయాలి.

పని నేర్చుకుంటున్న కుర్రవాడు తొందరపడి గట్టిగా కొట్టాడు. రేకు ఒకచోట ఎక్కువగా సాగిపోయింది, వేలితో నొక్కితే టక్కున లోపలికీ బయటికీ కదలసాగింది. ఉస్తాద్ కోపగించుకోలేదు. “బలంతో కాదు బేటా, లెక్కతో కొట్టాలి. సాగిన రేకును వెనక్కి తేవడమే కష్టం” అన్నారు. సాగినచోట మంటతో ఎర్రగా కాల్చి, చుట్టూ తట్టి, తడిగుడ్డతో చల్లార్చి రేకును మళ్ళీ కుదించారు. తరువాత ఆ కుర్రవాని అరచేతిని రేకుపై ఉంచి మెల్లగా జరిపించారు. కంటికి కనిపించని ఎత్తుపల్లాలు అరచేతికి తెలుస్తాయట.

అంతలో ఒక గిరాకీ వచ్చాడు. అతను తన కారును అమ్మదలిచాడు. తలుపు కిందిపట్టీ లోలోపల తుప్పుపట్టి చిల్లులు పడింది. “మేస్త్రీ గారూ, పైన పుట్టీ నింపి రంగు వేసేయండి. లోపల ఎవరు చూస్తారు?” అన్నాడు. తుప్పు కోసి కొత్త రేకు అతుకుతానని ఉస్తాద్ చెప్పారు. ఆ ఖర్చు అతనికి నచ్చలేదు, వెళ్ళిపోయాడు. కుర్రవాడు దిగులుగా, “షెడ్డు అద్దె కట్టాలి కదా ఉస్తాద్. ఆయన ఇంకోచోట చేయించుకుంటారు, మనకేం మిగిలింది?” అని అడిగాడు. ఉస్తాద్ చేతిలోని మడ్‌గార్డును తిరగేసి చూపారు. “ఈ వెనుక వైపు గిరాకీ చూడడు, అల్లాహ్ చూస్తాడు. ఆ పట్టీ విరిగిన రోజు కారులో ఎవరి పిల్లలు ఉంటారో మనకు తెలియదు” అన్నారు.

సోదరులారా! ఈ మాటకు మూలం మనకు తెలిసినదే. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నది లోపల తడిగా ఉంది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, తడిసినది జనానికి కనబడేలా పైన ఉంచకపోవడాన్ని ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. పలుచగా పుట్టీ పూసి ఉపరితలాన్ని సమం చేయడం పనిలో భాగమే, అందులో తప్పు లేదు. లోపాన్ని కప్పిపుచ్చి కొనేవాని కళ్ళకు గంతలు కట్టడమే నేరం.

చేతిపనిని చిన్నచూపు చూసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త (స) తమ పసిబిడ్డ ఇబ్రాహీమ్‌ను పాలు పట్టేందుకు అప్పగించింది మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఇంటికి. కొలిమి పొగ నిండిన ఆ ఇంటికి వెళ్ళి బిడ్డను ఎత్తుకుని ముద్దాడేవారు. హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టంతోనే తినేవారని కూడా వారు తెలియజేశారు.

సహాబీ ఖబ్బాబ్ (రజి) మక్కాలో కమ్మరి. ఆయన పనికి రావలసిన సొమ్మును, విశ్వాసం వదులుకుంటే తప్ప ఇవ్వనని ఆస్ బిన్ వాయిల్ మొండికేశాడు. ఆ సందర్భంలోనే మర్యమ్ సూరా 77వ ఆయతు అవతరించింది. పనివాని కూలి ఆపడం ఎంత ఘోరమో దీనిని బట్టి గ్రహించాలి.

కనుక తల్లిదండ్రులారా, పిల్లవాణ్ణి చదువు మాన్పించి షెడ్డుకు పంపకండి. వయసు వచ్చి ఆసక్తితో నేర్చుకుంటానంటే సిగ్గుపడకండి. ఉస్తాద్‌లారా, దెబ్బలు ఎక్కువైతే రేకు బిరుసెక్కి పగులుతుందని మీకు తెలుసు. మీ దగ్గర నేర్చుకునే పిల్లవాని మనసూ అంతే. సేవకులు మన సోదరులని, శక్తికి మించిన భారం మోపరాదని ప్రవక్త (స) ఉపదేశించారు. ఇక మనమందరం గిరాకీలమే. ధర తగ్గించమని ఒత్తిడి చేసి పనివాణ్ణి మోసం వైపు నెట్టడం మన పాపమే అవుతుంది.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేయుగాక! మన పనికి రెండు వైపులనూ ఒకేలా ఉంచుకునే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.