రంగం ఓడెక్కినోళ్ళం, యూనివర్సిటీ మెట్లెక్కలేమా?

(ఆమదాలవలసలో జరిగిన దళిత విద్యార్థి, యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో విదేశీ చదువుల గురించి మాట్లాడతాం అనగానే వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన నవ్వారు. "ఏటి బాబూ, ఇంటర్ తప్పిన గుంటల్ని ముందు పాస్ సేయించండి, తర్వాత లండన్ అంపుదురుగానీ" అన్నారు. ఆ నవ్వులో తప్పు లేదు. కానీ ఇంటర్ తప్పిన పిల్లల పక్కనే, ఇంజనీరింగూ ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసయ్యి, ఆ పట్టా పెట్టెలో పెట్టుకుని ఇటుకబట్టీకి పోతున్న పిల్లలు కూడా మన పేటల్లోనే వున్నారు. ఇవాళ వాళ్ళ సంగతి మాట్లాడుకుందాం.

సముద్రం దాటడం ఈ జిల్లా జనానికి కొత్త కాదు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడలెక్కి మన తాతలు రంగం పోయారు. అక్కడ బియ్యం బస్తాలు మోశారు, రేవులో కూలి చేశారు, పాకీ పనీ చేశారు. 1942లో జపాను వాడు బర్మా మీద పడ్డప్పుడు కొండలూ అడవులూ పట్టి నడిచి కొందరు ఇల్లు చేరారు, కొందరు దారిలోనే పోయారు. అంతకు ముందు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఒప్పందం కాగితాల మీద వేలిముద్రలు వేయించి నేటాల్ చెరకు తోటలకు తోలుకుపోయారు. సముద్రం దాటితే మైల అని చెప్పిన శాస్త్రం అప్పుడు నోరెత్తలేదు. కూలోడికి మైలేమిటి? ఇప్పుడు కూడా మన కుర్రాళ్ళు ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి వెల్డింగు పనికి గల్ఫుకీ సింగపూరుకీ పోతూనే వున్నారు. రెక్కలు అమ్ముకోవడానికి పోయేవాడికి దారి ఏనాడూ మూయలేదు. బుర్రతో పోతామంటేనే గేటు దగ్గర సవాలక్ష కాగితాలు అడుగుతారు.

2023-24లో అమెరికాలో చదువుతున్న మన దేశం పిల్లలు 3,31,602 మంది. అందులో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. వీళ్ళంతా బృహస్పతులని మీరు అనుకోకండి. వాళ్ళకి డల్లాస్ లో మేనమామ వుంటాడు. ఏ యూనివర్సిటీ మంచిది, ఏది బూటకం, ఎప్పుడు పెట్టాలి, ఉత్తరం ఎవరిచేత రాయించాలి, బ్యాంకులో ఎంత చూపించాలి, అన్నీ ఫోనులో చెప్తాడు. మన పిల్లలకి లేనిది ఆ మేనమామే. ఈ సంఘం ఆ మేనమామ పని చెయ్యాలని అడగడానికే మేం వచ్చాం.

బాబాసాహెబ్ వెళ్ళిన తీరు చూడండి. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళు వేతనం ఇస్తే న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళారు. 1915లో ఎం.ఏ. అయింది. 1916 మే నెలలో అక్కడి సెమినార్ లో భారతదేశంలో కులాల పుట్టుక గురించి వ్యాసం చదివారు. అక్కణ్ణుంచి లండన్. 1917లో వేతనం గడువు తీరిపోయింది, చదువు సగంలో ఆపి తిరిగొచ్చారు. ఒప్పందం ప్రకారం బరోడాలో కొలువు చెయ్యబోతే, అంత చదివినాయనకు అద్దెకి ఇల్లు ఇచ్చినవాడు లేడు. బొంబాయి వచ్చి కాలేజీలో పాఠాలు చెప్పి, జీతంలో మిగిల్చి, కొల్హాపూరు షాహూ మహారాజు సాయంతో, స్నేహితుడి దగ్గర అప్పుతో 1920లో మళ్ళీ ఓడెక్కారు. 1923లో డి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్నారు. ఈ మధ్యలో జర్మనీలో బాన్ యూనివర్సిటీలో చేరడానికి 1921లో దరఖాస్తు తన చేత్తో, జర్మను భాషలో రాసుకున్నారు. దరఖాస్తు రాసుకోవడం కూడా ఒక విద్యే అని గుర్తుపెట్టుకోండి.

మహారాజులు పోయారు, ప్రభుత్వం వచ్చింది. 1954-55 నుంచి కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల పిల్లలకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్షిప్ ఇస్తూ వుంది. ఫీజు, తిండి ఖర్చు, విమానం చార్జీ అన్నీ అదే పెడుతుంది. 35 ఏళ్ళ లోపు వయసు, కిందటి పట్టాలో నూటికి 60 మార్కులు, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు. మన పేటల్లో 8 లక్షలు దాటిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి ఆ నిబంధనతో మనకి బాధ లేదు. బాధ ఎక్కడంటే లెక్కలో వుంది. 2021లో సీట్లు 100 నుంచి 125కి పెంచామని గొప్పగా చెప్పారు. అందులో ఎస్సీలకు 115. 2011 జనాభా లెక్కల్లో ఈ దేశంలో మనం 20 కోట్ల పైన వున్నాం. 20 కోట్లకు 115! పెళ్ళిలో పందిరి బయట కూర్చోబెట్టి విస్తరి చివర ఒక మెతుకు విదిల్చినట్టుంది. అదైనా సరిగా విదిల్చారా? 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తరాలిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. నిధుల్లేవని మేనమామలున్న వాళ్ళకి ఎవరైనా చెప్పారా?

ఇంకో సంగతి. 2022లో ఈ స్కాలర్షిప్ నిబంధనల్లో ఒక కొత్త వాక్యం చేర్చారు. భారతదేశపు సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాల మీద చదవడానికి డబ్బు ఇవ్వరట. అవన్నీ ఇక్కడే చదువుకోవచ్చునట. అంటే 1916లో కొలంబియాలో కులాల మీద వ్యాసం చదివిన కుర్రాడు ఇవాళ దరఖాస్తు పెడితే, ఆయన పేరు చెప్పి ఓట్లడిగే ప్రభుత్వమే ఆ దరఖాస్తు పక్కన పడేస్తుంది. కులం గురించి బయటి దేశంలో మనం చదివితే ఎవరికి ఇబ్బందో మీకు వేరే చెప్పాలా? ఆ వాక్యం తీసెయ్యాలని ఈ సభ తీర్మానం చెయ్యాలి.

మనలో చర్చికి పోయే ఇళ్ళు చాలా వున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవాళ్ళకు ఎస్సీ సర్టిఫికెట్ లేదు, మన రాష్ట్రంలో బీసీ-సి అంటారు. ఊళ్ళో అంటరానితనం మాత్రం చర్చి గంట విని వదిలిపెట్టదు. ఈ స్కాలర్షిప్ లో ఎస్సీ సీట్ల తలుపు ఆ పిల్లలకు మూసి వుంది.

రాష్ట్రం సంగతికొద్దాం. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి అని ఒక పథకం వుండేది. 2022లో దాని బదులు జగనన్న విదేశీ విద్యా దీవెన అన్నారు. బాబాసాహెబ్ పేరు తీసి ముఖ్యమంత్రి పేరు పెట్టారు. ప్రపంచ ర్యాంకుల్లో పైన వున్న యూనివర్సిటీల్లో సీటొస్తేనే అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక పాత పేరు తిరిగి పెట్టారు. పేరు వచ్చినందుకు సంతోషమే. పేరు ఫీజు కట్టదు కదా. ఏ ఏడాది ఎంతమందికి, ఏ కులానికి, ఏ జిల్లాకి డబ్బు అందిందో లెక్క బోర్డు మీద రాసి పెట్టమని మనం అడగాలి. రెల్లి వీధుల నుంచి ఒక్కరైనా వున్నారా అని ప్రత్యేకంగా అడగాలి.

ఇప్పుడు కాగితాల సంగతి. మన పిల్లలు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. మాకు తెలిసిన ఒక చెల్లెలికి ఇంగ్లండులో సీటొచ్చింది. తండ్రి పేరు ఆధార్ లో సూర్యనారాయణ, రేషన్ కార్డులో సూరయ్య. ఆ రెండూ ఒక మనిషే అని తేల్చుకోవడానికి ఒక ఆఫీసు మూడు వారాలు తిప్పింది. ఆదాయం సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది. తెలివి చాలక కాదు, 'నారాయణ' దగ్గర ఆగిపోయింది ఆ పిల్ల. అందుకని పదో తరగతి సర్టిఫికెట్ లో పేరు ఎలా వుందో ఆధార్ లోనూ పాస్ పోర్టులోనూ అక్షరం తేడా లేకుండా అలాగే వుండాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా వుండాలి. పాస్ పోర్టు సీటొచ్చాక చూద్దాం అనుకోవద్దు, డిగ్రీ చదువుతుండగానే తీసుకోవాలి. స్కాలర్షిప్ కి యూనివర్సిటీ ఇచ్చే సీటు ఉత్తరంలో షరతులేమీ వుండకూడదు. 'మార్కులు వచ్చాక చూస్తాం', 'ఇంగ్లీషు పరీక్ష రాశాక చూస్తాం' అని వుంటే ఆ ఉత్తరం చెల్లదు.

ఇంగ్లీషు పరీక్ష అన్నాం కదా. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఫీజు 17 వేలు దాటింది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక మూడు గంటల పరీక్షకి మీ అమ్మ 55 రోజులకు పైగా మట్టి మొయ్యాలి, అదీ ఆ రోజుల్లో ఏమీ తినకుండా. తర్వాత ఒక్కో యూనివర్సిటీ దరఖాస్తుకి వేరే ఫీజు. చాలామందికి తెలియనిదేమిటంటే, పేద విద్యార్థులం, ఫీజు మాఫీ చెయ్యండి అని మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే మాఫీ చేసే యూనివర్సిటీలు వున్నాయి. అడగడానికి సిగ్గెందుకు? పరీక్ష ఫీజు మట్టుకు సంఘం చందాలతో ఒక నిధి పెట్టుకోక తప్పదు. కొలువులు చేస్తున్న మనవాళ్ళు ఏప్రిల్ 14న దండ వెయ్యడానికి పెట్టే ఖర్చులో సగం ఈ నిధికి ఇవ్వాలి. ఈ మాట కొంతమందికి నచ్చకపోవచ్చు.

బ్యాంకు అప్పు ఏడున్నర లక్షల లోపు తాకట్టు లేకుండా ఇవ్వాలని పథకాలు వున్నాయి. అది దాటితే పట్నంలో మేడ చూపించమంటారు. డి పట్టా ఎకరం చూపిస్తే మేనేజరు మొహం చూడాలి మీరు! ఆ దారి మనది కాదు. ఫీజు లేని దారులు వెతకాలి. అమెరికాలో పీహెచ్.డి.కి చాలా చోట్ల యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పినందుకో పరిశోధనలో పని చేసినందుకో జీతం ఇస్తుంది. జర్మనీలో ఒకట్రెండు రాష్ట్రాలు తప్ప ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు దాదాపు లేదు. కానీ ఏడాది తిండి ఖర్చుకి 11,904 యూరోలు, అంటే పది లక్షలు దాటిన మాట, ముందే ఖాతాలో కట్టి చూపించమంటారు. యూరపు వాళ్ళ ఎరాస్మస్ ముండస్, ఇంగ్లండు ప్రభుత్వం వారి చీవ్నింగ్ స్కాలర్షిప్పులు ఖర్చంతా భరిస్తాయి. చీవ్నింగ్ కి రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు. జీతం లేని స్వచ్ఛంద పని కూడా లెక్కకొస్తుంది. పేటలో రాత్రి బడి నడిపినవాళ్ళు, స్మశానం స్థలం కోసం రెండేళ్ళు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగినవాళ్ళు ఇక్కడ ఎంతమంది లేరు? అది అనుభవం కాదని ఎవడన్నాడు? తేదీలతో, గంటలతో రాసిపెట్టుకోండి.

దరఖాస్తులో 'నువ్వెవరు, ఈ చదువు ఎందుకు' అని ఒక వ్యాసం రాయమంటారు. విశాఖపట్నంలో కన్సల్టెన్సీ వాళ్ళు అందరికీ ఒకటే అచ్చు వేసి ఇస్తారు, 'చిన్నప్పట్నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం' అని. మన పిల్లాడు కంప్యూటర్ చూసింది డిగ్రీలో! ఉన్నది రాయండి. నాగావళి గట్టున మీ పేట వరదకి ఎన్నిసార్లు మునిగిందో చూసి నీటి చదువు మీద మనసు పడితే అది రాయండి. ఏడుపు మాత్రం అమ్ముకోవద్దు. పడ్డ బాధ ఒక పేరా, చెయ్యబోయే పని నాలుగు పేరాలు. సిఫార్సు ఉత్తరాలు అధ్యాపకులు రాయాలి. మన పిల్లలు ఆ గదుల్లోకి పోవడానికే జంకుతారు, పోయినా గుమ్మంలోనే నిలబడతారు. ఎచ్చెర్లలో 2008 నుంచి బాబాసాహెబ్ పేరు మీదే యూనివర్సిటీ వుంది. అక్కడా, ఆంధ్రా యూనివర్సిటీలోనూ మన అధ్యాపకులు వున్నారు. వాళ్ళు ఆ ఉత్తరాలు రాయడం ఉద్యమం పనిగా పెట్టుకోవాలి.

కన్సల్టెన్సీల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అనేది దొంగదని తేలి మూతబడింది. 1500 మందికి పైగా వీధిన పడ్డారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకి నిఘా పట్టీలు కట్టారు. ఫార్మింగ్టన్ అని ఇంకొకటి, అది అమెరికా అధికారులే ఉచ్చుగా పెట్టిన యూనివర్సిటీ. 2019లో 129 మంది మన దేశం పిల్లల్ని పట్టుకున్నారు. మేనమామ వున్నవాడే ఉచ్చులో పడితే, పొలం తాకట్టు పెట్టి పోయిన మనవాడి గతేమిటి? సీటు ఇప్పిస్తామని ముందే లక్షలు అడిగినవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

అక్కడికి పోతే కులం పోతుందా అని కొందరు చెల్లెళ్ళు అడిగారు. పోదు. మనకంటే ముందే విమానమెక్కి వెళ్ళి కూర్చుంది అది. అక్కడి తెలుగు సంఘాలు కులాల వారీగా చీలిపోయిన సంగతి అందరికీ తెలుసు. కాకపోతే కొట్లాడిన చోట ఫలితం వుంది. 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ కులవివక్షను నిషేధించాయి. 2023లో సియాటిల్ నగరం చట్టం చేసింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ పాస్ చేసిన బిల్లును గవర్నరు తిప్పికొట్టాడు. మన కాకినాడలో పెరిగిన సుజాత గిడ్ల న్యూయార్కులో మెట్రో రైలు కండక్టరుగా పనిచేస్తూ తన కుటుంబం కథను ఇంగ్లీషులో రాస్తే 2017లో ప్రపంచం చదివింది.

వెళ్ళినవాడు తిరిగి రాడు, ఉద్యమానికి ఏం లాభం అని మన కార్యకర్తలే కొందరు అంటున్నారు. అగ్రకులాల పిల్లాడిని ఎయిర్ పోర్టులో ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారా? మన పిల్లాడు తన బతుకు బాగు చేసుకోవడానికి ముందే జాతికి బాండు రాసివ్వాలా? వస్తే మంచిదే. రాకపోయినా, వెనకాల దరఖాస్తు పెట్టే చెల్లెలికి ఫోనెత్తితే చాలు. పేటకి ఒక మేనమామ దొరికినట్టే.

వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకి మన సంఘం వరండాలో ఇద్దరు కార్యకర్తలు కూర్చుంటారు. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు పట్టుకురండి. పేర్లు తేడా వుంటే ముందు అవి సరిచేయిద్దాం. అమ్మలు కూడా రండి, ఎందుకంటే ఏ కాగితం ఏ పెట్టెలో వుందో తెలిసేది మీకే.

జై భీమ్.