పిత్రార్జితమైన తుపాకి



నా పూర్వశిష్యుఁ డొకఁడు, తండ్రిగారు గతించిన పిదప, వారు అడవిపందులనుండి పైరు కాచుకొనిన తుపాకిని బట్టలలోఁ జుట్టి సిద్దిపేటనుండి షోలాపురమునకుఁ గొనిపోఁబూనెను. నేను వారింపఁగా “తండ్రి సొత్తు కొడుకుది కాదా?” యని యడిగెను. ప్రశ్న సహజమే. పొలమువలెనే తుపాకియు దాయముగా సంక్రమించును. దానిని ధరించు నధికారము మాత్రము సంక్రమింపదు. స్వత్వము వేఱు, అనుజ్ఞ వేఱు.

1959 సంవత్సరపు ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేక తుపాకి నింట నుంచుకొనుటయు నేరమే. కావున లైసెన్సుదారు మరణించినచో వారసులు జాగుచేయక దానిని పోలీసు ఠాణాలోఁగాని, లైసెన్సుగల ఆయుధవ్యాపారికడఁగాని యప్పగించి రసీదు పొందవలయును. గడువులోఁ దీసికొననిది ప్రభుత్వపరమగును. పిమ్మట తక్కిన వారసుల సమ్మతితో వారసుఁడు తన పేర లైసెన్సు కోరవలయును. 2019 సవరణచే, వారసత్వముగా వచ్చినవైనను, ఒకనికి రెండు తుపాకులే మితి. పొరుగు రాష్ట్రమునకుఁ గొనిపోవునపుడు ఆ లైసెన్సు దారిపొడవునను చెల్లునో లేదో ముందుగాఁ జూచుకొనవలయును.

ఈ సభలోని పెద్దల కొక విన్నపము. 2016 నియమముల ప్రకారము డెబ్బదియేండ్లు నిండినవారును, ఇరువదియైదేండ్లు తుపాకి గలిగియున్నవారును జీవించియుండఁగనే వారసుని పేర లైసెన్సునకు వ్రాసికొనవచ్చును. నేఁడే మీ పత్రములు తీసి చూడుఁడు.

నా శిష్యుఁడు తుపాకిని ఠాణాలో నప్పగించెను. రసీదు తండ్రిగారి పటము వెనుక భద్రముగా నున్నది. పితరుల జ్ఞాపకము బిడ్డలకు గౌరవము కావలయును గాని, సంకెల కారాదు.