రోదసిలో నున్నవారికి ఇంటి కబురు
(ప్రసంగ పాఠము)



రోదసియాత్ర అనగానే రాకెట్టు మంటలు, ఎత్తు, వేగము మనకు స్ఫురించును. అక్కడ నెలల తరబడి నివసించు మానవుని మనస్సు ఏ విధముగా నుండునో విచారించువారు తక్కువ. ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేయుదుము.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, 90 నిమిషముల కొకమారు భూమిని చుట్టివచ్చుచున్నది. దినమునకు 16 సూర్యోదయములు! గడియారము చూచి పండుకొనవలసినదే గాని ప్రొద్దు చూచి కాదు. నిద్ర చెడును, నిద్ర చెడినచో చిరాకు కలుగును. అవే ముఖములు, అవే గోడలు. కాసేపు బయట అరుగుమీద కూర్చుందమన్న వీలు లేదు. అయినను ఇవి అలవాటు పడదగిన కష్టములు. ఇంటినుండి దుర్వార్త వచ్చినప్పటి సంగతి వేరు.

1977 డిసెంబరులో గ్రెచ్కో అను సోవియట్ వ్యోమగామి సాల్యూట్-6 కేంద్రమునకు బయలుదేరెను. 96 దినముల ఆ యాత్రలో నుండగా ఆయన తండ్రి మరణించెను. ఆ వార్తను దాచి, ఆయన దిగివచ్చిన పిమ్మటనే తెలిపిరి. మన పల్లెలకు ఇది క్రొత్త గాదు. టెలిగ్రాముల కాలములో, మనిషి పోయినను "జబ్బుగా నున్నది, వెంటనే రమ్ము" అని తంతి కొట్టించెడివారము గదా! కాని మనవాడు రైలెక్కి రాగలడు.

30 ఏండ్ల తరువాత, 2007 డిసెంబరులో, అమెరికా వ్యోమగామి డానియల్ టానీ అంతరిక్ష కేంద్రములో నుండెను. ఆ నెలలోనే తిరిగి రావలసినవాడు. తీసికొనివచ్చు నౌక ఆలస్యమైనది. ఇంతలో ఆయన 90 ఏండ్ల తల్లి, కారును రైలు ఢీకొనగా మరణించినది. ఈసారి దాచలేదు. భార్యయు వైద్యుడును ఆయనతో ఏకాంతముగా మాటలాడి చెప్పిరి. అంత్యక్రియలకు రాలేకపోయెను, 2008 ఫిబ్రవరిలో గాని భూమిపై కాలు మోపలేదు. బరువు తెలియని ఆ చోట కన్నీరు సైతము చెక్కిలిపై జారదు, కంటివద్దనే ముద్దయై నిలుచును.

ఏది మేలు? చెప్పుటయే మేలని మా అభిప్రాయము. దాచినవారు దయతోనే దాచియుందురు. కాని అట్లు దాచుట యున్నదని ఎరిగినవాడు "ఇంట నందరును క్షేమము" అను మాటను ఎట్లు నమ్మును? కుటుంబముతోను, మనస్తత్వ వైద్యులతోను ఏకాంత సంభాషణకు అంతరిక్ష కేంద్రములో ఏర్పాట్లున్నవి.

కుజగ్రహమునకు పోవువారికి ఈ సదుపాయము నుండదు. దూరము హెచ్చినప్పుడు మాట చేరుటకే 20 నిమిషములకు పైగా పట్టును, బదులు వచ్చుటకు మరల అంత. తల్లి పోయినదని చెప్పినవారు, అవతలివాని గొంతు వినుటకు 40 నిమిషములు కనిపెట్టుకొని యుండవలెను.