అవతలి సర్వర్ పలకనప్పుడు



మీసేవ కౌంటర్ ముందు నిలబడ్డ ఎవరికైనా "సర్వర్ డౌన్ ఉన్నది" అన్న మాట కొత్త కాదు. ఒక్కోసారి ఆ సర్వర్ పడిపోయి ఉండదు. ఇంకో సర్వర్‌ను ఏదో అడిగి, జవాబు కోసం కూర్చుని ఉంటుంది. ఈ కూర్చోవడం ఎక్కడ మొదలైందో కామారెడ్డిలో మన మాస్టారు నేర్పిన జావా భాష చరిత్రలోనే వెతుకుదాం.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడగడం జావా కన్నా పాతదే. మన దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైన సికింద్రాబాదులోనే 1994లో కాన్సర్ట్ అనే రిజర్వేషన్ వ్యవస్థ మొదలైంది. ఐదు నగరాల యంత్రాలన్నీ కలిసి బెర్తులు ఇచ్చుకునేసరికి 1999 వచ్చింది.

అదే 1994లో, తర్వాత జావాను తెచ్చిన సన్ కంపెనీ పరిశోధకులు జిమ్ వాల్డో, ఆన్ వోల్‌రాత్ మరో ఇద్దరితో కలిసి ఒక హెచ్చరిక రాశారు. దూరాన ఉన్న ప్రోగ్రాంను సొంతదానిలా పిలవొచ్చనుకోవద్దు. ఆలస్యమవుతుంది, పని సగంలో ఆగుతుంది అని. దూరపు ప్రోగ్రాంను పిలవడానికి 1997లో జావాకు వచ్చిన ఆర్ఎంఐ వెనక ఉన్నదీ వోల్‌రాతే. అందులో దూరపు పిలుపు ప్రతిదానికీ, అది విఫలమైతే వచ్చే రిమోట్ ఎక్సెప్షన్ సంగతి తేల్చకపోతే కంపైలర్ ఒప్పుకోదు. విసుగు పుట్టించే నియమమే గానీ, జావా చేసిన మంచి పనుల్లో అదొకటని నా అభిప్రాయం.

2000లో సోప్ 1.1 అనే సందేశాల పద్ధతి వచ్చింది. అవతలివాళ్లది ఏ భాషైనా సరే, ఎక్స్ఎంఎల్‌లో రాసి పంపితే చాలు. 2006 చివర్లో జావా 6తో పాటే, సోప్ పిలుపులు చేసిపెట్టే జాక్స్-డబ్ల్యూఎస్ చేతికందింది. అవతలి సేవను వర్ణించే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు చూపిస్తే క్లాసులన్నీ అదే రాసిపెడుతుంది. ఇక వేరే ఊళ్లోని సర్వర్‌ను పిలవడం పక్క గదిలో మనిషిని కేకేసినంత సులువు. రిమోట్ ఎక్సెప్షన్ పట్టింపు కూడా అక్కడే పోయింది. హెచ్చరిక రాసిన కంపెనీయే పన్నెండేళ్లకు దాన్ని పక్కన పెట్టింది!

ఫలితం చూడండి. టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ మామూలుగా 200 థ్రెడ్ల దాకా నడుపుతుంది, ఒక్కో అభ్యర్థనకు ఒక్కో థ్రెడ్. జావాలోని పాత హెచ్‌టీటీపీ కనెక్షన్‌కు గడువు మనం పెట్టకపోతే, జవాబు వచ్చేదాకా అలా చూస్తూనే ఉంటుంది. అవతలి సర్వర్ మూగబోయిందనుకోండి. సెకనుకు ఐదు అభ్యర్థనలు చిక్కుకుంటే 40 సెకన్లలో 200 థ్రెడ్లూ అయిపోతాయి. ఆ సర్వర్‌తో అవసరమే లేని దోమకొండ మనిషి పని కూడా ఆగుతుంది.

దీనికి విరుగుడుగా 2007లో మైకేల్ నైగార్డ్ తన పుస్తకంలో సర్క్యూట్ బ్రేకర్ పద్ధతి చెప్పారు. పిలుపులు వరసగా విఫలమైతే కాసేపు పిలవడమే మానెయ్యాలి. 2018లో జావా 11 జాక్స్-డబ్ల్యూఎస్‌ను తీసేసి, కొత్త హెచ్‌టీటీపీ క్లయింట్ ఇచ్చింది. దానిలోనూ అభ్యర్థనకు గడువు మనమే రాయాలి.

గడువు రాస్తే ఇంకో చిక్కు. రేషన్ దుకాణంలో ఈపాస్ యంత్రం మీద వేలు పెట్టారు, సమయం ముగిసింది. అవతల బియ్యం ఇచ్చినట్టు రాసుకున్నారా లేదా? మనకు తెలియదు. మళ్లీ పంపితే రెండుసార్లు ఎక్కొచ్చు. అందుకే ప్రతి లావాదేవీకీ మొదటే ఒక నంబరు ఇచ్చి, మళ్లీ పంపేటప్పుడూ అదే నంబరు పంపాలి. అది ముందే చేరిందా అని చూసుకునే బాధ్యత అవతలి సర్వర్‌ది.